ఇంటి నేలకు వినైల్

పీవీసీ అని అందరూ పిలిచే పాలీవినైల్ క్లోరైడ్ ప్లాస్టిక్‌తో తయారై, ఉన్న నేల మీద పరుచుకునే పొరను వినైల్ ఫ్లోరింగ్ అంటారు. చుట్టగా వచ్చే పల్చని షీటు మొదలు, చెక్క పలకలా కనిపించే 6 మిల్లీమీటర్ల గట్టి పలక దాకా రకరకాల సరుకు ఈ ఒక్క పేరుతోనే అమ్ముడవుతుంది. గ్రానైట్, మార్బుల్, తాండూరు బండ, విట్రిఫైడ్ టైలు ఇంటి కట్టడంలో భాగాలు. సిమెంటు మాలులో ఒకసారి కూర్చున్నాక పగలగొడితే తప్ప లేవవు. వినైల్ అలా కాదు, అది కింద ఉన్న నేలకు తొడుగు మాత్రమే. కింది నేలలోని ఎత్తుపల్లాలు, చెమ్మ, పగుళ్లు కొన్నాళ్లకు పై పొరలో బయటపడి తీరతాయి. దుకాణంలో రంగూ డిజైనూ చూసి తీసుకునేవారే ఎక్కువ గానీ, ఎంపిక మొదలవ్వాల్సింది ఇంట్లో, మోకాళ్ల మీద కూర్చుని నేలను తడిమి చూడడం దగ్గర.

చరిత్ర

వినైల్ రాకముందు ఈ పని లినోలియం చేసేది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్ 1863లో దానికి పేటెంటు పొందాడు. గాలి తగిలి గట్టిపడిన అవిసె నూనె, కార్క్ బెరడు పొడి, పైన్ చెట్టు జిగురు కలిపిన ముద్దను జనపనార గుడ్డ మీద ఒత్తి దాన్ని తయారుచేసేవారు. ఇప్పటికీ కొన్ని దేశాల్లో తయారవుతోంది. చూపుకు ఒకేలా ఉన్నా లినోలియానికీ వినైల్‌కూ చుట్టరికం లేదు.

పీవీసీ అనుకోకుండా పుట్టింది. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆయ్‌గెన్ బౌమన్ దగ్గర ఎండ తగిలిన వినైల్ క్లోరైడ్ సీసాలోనే తెల్లని ఘన పదార్థంగా మారింది. అది పెళుసుగా ఉండేది, చాలాకాలం పరిశ్రమకు అక్కరకు రాలేదు. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సెమన్, దాన్ని తేలిగ్గా ఆవిరికాని ద్రావకాల్లో కాచి రబ్బరులా వంగే పదార్థాన్ని రాబట్టాడు. ప్లాస్టిసైజర్ కలిపిన పీవీసీ అలా వచ్చింది. 1933లో షికాగోలో జరిగిన ‘సెంచరీ ఆఫ్ ప్రోగ్రెస్’ ప్రదర్శనలో వినైల్ టైళ్లు జనం కంటపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా వంటిళ్లలోకి, ఆసుపత్రుల్లోకి, బడుల్లోకి పాకాయి. ఆ కాలపు టైళ్లలో బలం కోసం ఆస్బెస్టాస్ నార కలిపేవారు. ఆ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఇళ్లలో నేడు కనిపించే గట్టి పలకల కథ ఇటీవలిది. స్వీడన్‌లోని వాలింగె, బెల్జియంలోని యూనిలిన్ కంపెనీలు 1990ల ద్వితీయార్ధంలో, జిగురు లేకుండా ఒకదానికొకటి బిగుసుకునే ‘క్లిక్’ అంచులను ల్యామినేట్ పలకల కోసం రూపొందించాయి. ఆ పద్ధతి తర్వాత వినైల్‌లోకి వచ్చింది. 2013లో అమెరికా బజారులోకి వచ్చిన కోర్‌టెక్ పలకలు గట్టి గర్భం ఉన్న వినైల్‌కు బాట వేశాయి. భారతదేశంలో మెత్తని పీవీసీ ఫ్లోరింగ్‌కు ఐఎస్ 3462, దాన్ని పరిచే విధానానికి ఐఎస్ 5318 అనే ప్రమాణాలు చాలాకాలంగా ఉన్నాయి. రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందనవెల్లిలో వెల్‌స్పన్ కంపెనీ ఫ్లోరింగ్ కర్మాగారం నడుస్తోంది. ఇక్కడో చిన్న తిరకాసు ఉంది: ఇళ్లలో పరిచే షాబాదు బండ ఈ మండలంలోది కాదు, కర్ణాటకలోని కలబురగి జిల్లా షాహాబాద్‌ది.

రకాలు

బజారులో మీటరు లెక్కన కత్తిరించి ఇచ్చే ‘పీవీసీ కార్పెట్’ వీటిలో అన్నిటికన్నా చౌక. చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, వెనక పల్చని ఫెల్టు గుడ్డ ఉంటుంది. అద్దె ఇంట్లో గచ్చు పెచ్చులూడినచోట రెండు మూడేళ్లు గడుపుకోవడానికి సరిపోతుంది. దాన్ని ఫ్లోరింగ్ అనడం కన్నా దుప్పటి అనడం సబబు.

అసలు వినైల్ షీటు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు మీటర్ల వెడల్పు చుట్టల్లో వస్తుంది, ఇంకా వెడల్పువీ దొరుకుతాయి. అతుకులు తక్కువ కాబట్టి పై నుంచి పడే నీటికి ఇదే గట్టి కాపు. ఆసుపత్రుల్లో అతుకులను వేడితో కలిపేసి, గోడ మీదికి కూడా కాస్త మడిచి వేస్తారు. ఇళ్లకు ఇది అందంగా ఉండదని తీసిపారేస్తారు గానీ, మంచంపట్టిన పెద్దవాళ్లు ఉన్న గదికి ఇంతకు మించింది లేదు. తుడవడం తేలిక, పాదానికి మెత్తన, కింద పడినా రాతి నేల మీద తగిలినంత దెబ్బ తగలదు.

ఎల్‌వీటీ అనే పలకలు 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందంతో జిగురుతో అంటించేవి. వెనక కాగితం పీకి అంటించే స్టిక్కరు టైళ్లు వీటికి పేద చుట్టాలు. వేసవిలో జిగురు కరిగి అంచులు లేస్తాయి, ఆ సందులో దుమ్ము చేరితే మళ్లీ అంటుకోవు.

ఎస్‌పీసీ పలకల గర్భంలో సున్నపురాయి పొడి, పీవీసీ కలిసి ఉంటాయి. బరువులో ఎక్కువ పాలు రాతిపొడిదే. మందం సాధారణంగా 4 నుంచి 6 మిల్లీమీటర్లు. గట్టిగా, బరువుగా ఉంటాయి, వేడికి తక్కువ సాగుతాయి. డబ్ల్యూపీసీ పలకల గర్భం నురగలా గాలి నిండినది. నడిస్తే మెత్తగా, చప్పుడు తక్కువగా ఉంటుంది, కానీ బీరువా కాళ్ల కింద గుంటలు పడతాయి. ఉక్కు బీరువా ఉండే తెలుగిళ్లకు ఎస్‌పీసీయే నయం.

రకం ఏదైనా మన్నిక మొత్తం మందంలో లేదు. చెక్క బొమ్మ ముద్రించిన పల్చని ఫిల్ము మీద పారదర్శకమైన అరుగుదల పొర ఒకటి ఉంటుంది. అది అరిగిపోయిన రోజు పలక పనైపోయినట్టే, గ్రానైట్‌లా మళ్లీ పాలిష్ పట్టించుకోవడానికి కింద ఏమీ లేదు. ఇంటికి 0.3 మిల్లీమీటర్ల పొర చాలు. పిల్లలు, కుక్క, నిత్యం వచ్చిపోయే జనం ఉన్న హాలుకు 0.5 తీసుకోవాలి. అమెరికా సరుకు మీద ఈ కొలత ‘మిల్’లో ఉంటుంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, కాబట్టి 20 మిల్ అంటే అర మిల్లీమీటరు మాత్రమే. దాన్ని మిల్లీమీటర్లుగా పొరబడేవారున్నారు, అలా పొరబడనిచ్చే అమ్మకందార్లూ ఉన్నారు. ఐరోపా ప్రమాణం పాటించే పెట్టెల మీద 21, 22, 23 అంకెలు ఇంటి వాడకానికి, 31 నుంచి 34 వాణిజ్య వాడకానికి గుర్తులు. ‘23/32’ అని ఉంటే ఇంట్లో ఎంత రాకపోకలకైనా తట్టుకుంటుందని అర్థం.

ముద్రించిన బొమ్మ ఎన్ని పలకలకొకసారి తిరిగి వస్తుందో కూడా చూసుకోవాలి. మూడు నాలుగు బొమ్మలే మారిమారి వచ్చే సరుకులో ఒకే కణుపు గది నిండా కనిపించి, చెక్క భ్రమ కాస్తా పోతుంది.

ఏ గదికి నప్పుతుంది

మేడ మీది పడకగదికి నిస్సంకోచంగా వేసుకోవచ్చు. కింద నేల నుంచి చెమ్మ రాదు, పైన నీళ్ల వాడకం తక్కువ. పాత మొజాయిక్‌నో, రంగు వెలిసిన టైళ్లనో పగలగొట్టకుండా, ఇల్లు ఖాళీ చేయకుండా రెండు రోజుల్లో గది రూపు మార్చుకోవచ్చు. వినైల్‌కు ఉన్న అసలు బలం ఇదే. కొత్తగా కట్టే ఇంట్లో, బేతంచెర్ల బండో కడప బండో చేరువలోనే దొరికే ఊళ్లో, దీన్నే ప్రధాన నేలగా ఎంచుకోవడానికి మాత్రం పెద్ద కారణం కనిపించదు. బండ రెండు తరాలు ఉంటుంది, వేసవిలో కాలికి చల్లన.

వంటింట్లో జాగ్రత్త కావాలి. గట్టి పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. పొయ్యి మీది అన్నం గిన్నెను, కుక్కరును నేరుగా నేల మీద దించే అలవాటున్న ఇంట్లో గుండ్రని మచ్చలు శాశ్వతంగా మిగులుతాయి. గ్యాసు సిలిండరును అంచు మీద దొర్లించినా చారలు తప్పవు. పసుపు మరక మరో బాధ, పడిన వెంటనే తుడవకపోతే లేత రంగు పలక దాన్ని పీల్చుకుంటుంది. అయితే పసుపు రంగునిచ్చే కర్‌క్యుమిన్ వెలుగుకు నిలవదు, కిటికీ పక్క మరకలు నెమ్మదిగా వెలిసిపోతాయి. దేవుడి గది, గుమ్మం ముందు చోటు రాతివిగానే ఉంచడం మేలు. గృహప్రవేశానికి హోమం చేయాలంటే ఇటుకలు పేర్చి, మందంగా ఇసుక పోసి, ఆ పైన హోమగుండం పెట్టినా కింద పలకలకు వేడి దిగే అవకాశం ఉంటుంది. వినైల్ లేని చోట చేయడమే క్షేమం.

స్నానాల గది, బాల్కనీ, ఎండ పడే వరండా దీనికి పనికిరావు. పడమటి కిటికీ ఉన్న గది సంగతీ ఆలోచించాలి. రెంటచింతల, రామగుండం వంటిచోట మధ్యాహ్నపు ఎండ ముదురు రంగు పలక మీద నేరుగా పడితే, పలక వేడి గది గాలి వేడిని బాగా మించిపోతుంది. అలాంటి గదికి లేత రంగు, మందపాటి పరదా రెండూ కావాలి.

కింది నేల

ఈ పనిలో చెడిపోయినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే చెడతాయి. మొదటి శత్రువు చెమ్మ. కింది అంతస్తు నేల అడుగున ప్లాస్టిక్ పొర వేసి కట్టిన ఇళ్లు పాతవాటిలో అరుదు. మట్టిలోని తేమ కాంక్రీటులోకి, బండల సందుల్లోకి ఎక్కి గాలిలో కలిసిపోతూ ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. దాని మీద గాలి చొరని వినైల్ పరిస్తే ఆ ఆవిరికి దారి మూసుకుపోతుంది. జిగురు జావకారిపోతుంది, బూజు పడుతుంది, గదిలో ముక్కవాసన మొదలవుతుంది. పలకలు జలనిరోధకమైనంత మాత్రాన ఈ ముప్పు తప్పదు, అవి చెడవు గానీ వాటి కింద చెడుతుంది.

పరీక్ష తేలికే. అడుగున్నర చదరపు పాలిథిన్ షీటును నేల మీద నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు షీటు లోపల నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. గదిలో రెండు మూడు చోట్ల, ముఖ్యంగా స్నానాల గది గోడ పక్కన ఇలా చూడాలి. ఈ పరీక్ష వానాకాలంలో చేయాలి. ఏప్రిల్‌లో ఎండిపోయి కనిపించిన నేలే భాద్రపదంలో చెమరుస్తుంది, వేసవి ఫలితాన్ని నమ్మి పరిచిన నేలలే మొదటి వానలకు కంపు కొడతాయి. తేమ కొద్దిగా ఉంటే ఎపాక్సీ పూత వేయించి ముందుకు వెళ్లవచ్చు. గోడల అడుగున ఉప్పు పొంగి సున్నం రాలుతున్న ఇల్లయితే ముందు ఆ జబ్బు కుదరాలి, వినైల్ ఆలోచన అప్పటిదాకా పక్కన పెట్టాలి. కొత్త కాంక్రీటు ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున గడువు ఇవ్వాలని స్థూలమైన లెక్క.

రెండోది చదును. ఆరడుగుల అల్యూమినియం పట్టీని నేల మీద అన్ని దిక్కులా ఆనించి చూస్తే, దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. గుంట మీద పరిచిన పలక అడుగు పడినప్పుడల్లా కిందికి వంగి లేస్తుంది, ఆ కదలికకు అంచుల్లోని పల్చని పెదవి విరిగిపోతుంది. ఒకసారి విరిగితే అతికేది కాదు. గుంటలను సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపాలి, ఎత్తులను గ్రైండరుతో అరగదీయాలి. గుంటలకు మందపాటి ఫోము పరిస్తే సరిపోతుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. అది తప్పు. మెత్తని పరుపు మీద కదలిక ఇంకా పెరుగుతుంది. ఎస్‌పీసీ కింద 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల గట్టి అండర్‌లే చాలు, పలక వెనకే అది అంటించి ఉంటే ఇంకొకటి వేయకూడదు.

పాత టైళ్లను నాణెంతో తట్టి, డొల్ల చప్పుడు వచ్చినవి తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. తాండూరు బండల నేలలో పక్కపక్క బండల అంచులు ఎత్తు తేడాగా ఉండడం మామూలే, వాటిని అరగదీయక తప్పదు. 3 మిల్లీమీటర్ల కన్నా వెడల్పున్న సందులు నింపాలి. షీటుకూ, జిగురు ఎల్‌వీటీకీ అంతకన్నా నున్నన కావాలి. కింద ఒక ఇసుక రేణువు ఉన్నా కొన్ని వారాల్లో పైకి పొక్కులా కనిపిస్తుంది.

అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారికి లెక్క వేరు. పాత కార్పెట్ తీసి వినైల్ పలకలు పరచుకోవడం అక్కడ సొంతంగా చేసుకునే పనుల్లో ఒకటి. అక్కడ కింది నేల చాలాచోట్ల ప్లైవుడ్ లాంటి చెక్క. కిర్రుమనే చోట్ల ముందే స్క్రూలు బిగించాలి, పైన పరిచాక ఆ చప్పుడు మాన్పడం కష్టం. బేస్‌మెంట్ కాంక్రీటుకు మాత్రం ఇందాకటి పాలిథిన్ పరీక్షే.

పరిచే పని

ముందు లెక్క. 12 అడుగులు, 10 అడుగుల గది 120 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పదిశాతం కలిపితే 132. పెట్టెలో 20 చదరపు అడుగులుంటే 7 పెట్టెలు కావాలి. చేప ముల్లులా ఏటవాలుగా వేస్తే ఇంకాస్త ఎక్కువ పోతుంది. పెట్టెలన్నీ ఒకే బ్యాచ్‌వి కావాలి, రేపు ఒక పలక పాడైతే మార్చడానికి నాలుగైదు దాచుకోవాలి. సరుకును పరిచే గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచితే గది వేడికి అలవాటు పడుతుంది. గోడకు నిలబెడితే వంకర తిరుగుతుంది.

తలుపు కింద సందు చూడడం చాలామంది మరిచిపోతారు. పలక, అండర్‌లే కలిసి 6, 7 మిల్లీమీటర్లు పైకి వస్తాయి, టేకు తలుపును అడుగున చిత్రిక పట్టించాల్సి రావచ్చు. ఆ పని ముందే చేయించాలి.

వరసలు సాధారణంగా గది పొడవు వెంట, లేదా ప్రధాన కిటికీ వెలుగు వచ్చే దిశలో వేస్తారు. మొదటి వరస వేసే ముందు చివరి వరస వెడల్పు లెక్కగట్టాలి. 10 అడుగుల వెడల్పు అంటే 3048 మిల్లీమీటర్లు. రెండు గోడల దగ్గరా 6 చొప్పున వదిలితే 3036. పలక వెడల్పు 150 అయితే 20 వరసలు పోగా మిగిలేది 36 మిల్లీమీటర్ల చీలిక. అంత సన్నని ముక్క చూడ్డానికీ బాగోదు, నిలవదు కూడా. మొదటి, చివరి వరసలు రెంటినీ 93కి కోసి, మధ్యలో 19 నిండు వరసలు వేస్తే సరిగ్గా సరిపోతుంది.

గోడ చుట్టూ వదిలే ఆ 6 నుంచి 8 మిల్లీమీటర్ల సందు అలంకారానికి కాదు. పీవీసీ వేడికి సాగుతుంది. అయిదు మీటర్ల పొడవున మామూలు గట్టి పీవీసీ, వేడి 15 డిగ్రీలు మారితే, నాలుగైదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎస్‌పీసీలో ఇది తక్కువ, అయినా సున్నా కాదు. సందు లేకపోతే పలకలు మధ్యలో పైకి ఉబుకుతాయి. మన ఇళ్లలో రాతి స్కర్టింగ్ ముందే గోడకు ఉంటుంది కాబట్టి ఈ సందు మీద పావు గుండ్రం బీడింగ్ పెట్టి, దాన్ని స్కర్టింగ్‌కే అంటించాలి, నేలకు కాదు. అందంగా ఉంటుందని సందును తెల్ల సిమెంటుతో పూడ్చే మేస్త్రీని ఆపాలి.

వరసల చివరి అతుకులు పక్కపక్కన రాకూడదు, కనీసం 200 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పలకను ఏటవాలుగా పట్టి గాడిలో దూర్చి కిందికి వంచితే బిగుస్తుంది. బిగవకపోతే దుమ్మేదో అడ్డుపడిందన్నమాట, సుత్తితో బాదితే గాడి పోతుంది. చెక్కముక్క అడ్డం పెట్టి రబ్బరు సుత్తితో చిన్నగా తట్టడం వరకే. గది నుంచి గదికి మారేచోట, పొడవు 10 మీటర్లు దాటేచోట టీ ఆకారపు పట్టీతో విడగొట్టాలి.

ఇలా కింది నేలకు అంటించకుండా పరిచే ‘తేలే నేల’ను ఎక్కడా మేకు కొట్టి బంధించకూడదు. గోడ బీరువాలు, వంటింటి క్యాబినెట్లు ముందు బిగించి, వాటి చుట్టూ పలకలు వేయాలి. తలుపు ఆగడానికి బిగించే స్టాపరు స్క్రూ కూడా పలకను కాంక్రీటుకు కట్టేస్తుంది, అక్కడ రంధ్రం స్క్రూ కన్నా పెద్దదిగా చేయాలి.

జిగురు రకాలకు గది మధ్య నుంచి సుద్ద దారంతో గీతలు కొట్టి మొదలుపెడతారు. పళ్ల తాపీతో జిగురు పలచగా లాగి, కంపెనీ చెప్పినంత సేపు ఆరనిచ్చి, పలకలు వేసి, సుమారు 45 కిలోల రోలరు నడుపుతారు. తొందరపడి తడి జిగురు మీద వేస్తే సందుల్లోంచి పైకి ఉబికి వస్తుంది.

వాడకం

పండగకు ముందు బకెట్లతో నీళ్లు కొట్టి ఇల్లు కడిగే ఇంటికి క్లిక్ పలకలు సరిపడవు. సరుకు మీద వాటర్‌ప్రూఫ్ అని ఉండేది పలక గురించి, పలకల మధ్య అతుకు గురించి కాదు. నిలిచిన నీరు అంచుల నుంచి అడుగుకు దిగుతుంది, దిగినది తిరిగి రాదు. పిండిన తడిబట్టతో తుడిస్తే చాలు. ఫినాయిల్, యాసిడ్ వాడొద్దు, నీటిలో కాస్త తేలికపాటి సబ్బు కలిపితే సరిపోతుంది. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ల నుంచి రసాయనం దిగి పసుపుపచ్చ మచ్చ వేస్తుంది, అది ఎంత తోమినా పోదు, గుడ్డ మ్యాట్లు వాడాలి. మంచం కోళ్లకు, కుర్చీలకు ఫెల్టు బిళ్లలు అంటించాలి. అరుగుదల పొరకు అసలు శత్రువు గుమ్మం దాటి వచ్చే ఇసుక, దాన్ని చీపురు ఆపినంతగా ఏ పూతా ఆపలేదు.

ఆరోగ్యం, పాత నేలలు

వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకం. 1974లో అమెరికాలోని లూయివిల్‌లో గుడ్‌రిచ్ కర్మాగారపు కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ బయటపడ్డాక దాని మీద కఠిన నియంత్రణలు వచ్చాయి. అది ప్రధానంగా కర్మాగారపు ప్రమాదం. ఇంట్లో ఆలోచించాల్సింది మెత్తని షీట్లలో వాడే థాలేట్ ప్లాస్టిసైజర్ల గురించి. డీఈహెచ్‌పీ వంటి వాటికి ఐరోపాలో 2015 నుంచి ప్రత్యేక అనుమతి తప్పనిసరి అయింది, అమెరికాలో హోమ్ డిపో దుకాణాలు అదే ఏడాది చివరికల్లా థాలేట్లున్న వినైల్ ఫ్లోరింగ్‌ను మానేస్తామని ప్రకటించాయి. పాకే వయసు పిల్లలున్న ఇంటికి థాలేట్లు లేవని పెట్టె మీద రాసి ఉన్న సరుకే తీసుకోవాలి, ఎంత చౌకైనా ఘాటు వాసన కొట్టే చుట్ట వద్దు. నిప్పంటుకుంటే పీవీసీ హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఊపిరి సలపనివ్వని వాయువును విడుస్తుంది, తుక్కును పెరట్లో తగలబెట్టకూడదు.

క్లిక్ పలకలను ఊడదీసి మరో గదిలో మళ్లీ పరుచుకోవచ్చు. జిగురుతో అంటించినవి ఊడేటప్పుడు కింది నేలను కూడా పాడుచేస్తాయి. అంతకన్నా జాగ్రత్త పాత భవనాల టైళ్ల విషయంలో కావాలి. అమెరికాలో 1980ల ముందు వేసిన వినైల్ టైళ్లలో, ముఖ్యంగా 9 అంగుళాల చదరపువాటిలో, వాటి కింది నల్లని జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశంలోనూ పీవీసీ ఆస్బెస్టాస్ టైళ్లకు ఐఎస్ 3461 అనే ప్రమాణం ఉండేది. పాత ఆఫీసు భవనాన్ని కొని ఇల్లుగా మార్చుకునేవారికి ఇవి ఎదురుకావచ్చు. కదలకుండా ఉన్నంతసేపు అవి పెద్దగా హాని చేయవు, పగలగొట్టినా గ్రైండరు పెట్టినా నార గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గట్టిగా అంటుకుని ఉన్నవాటిని అలాగే వదిలి, పైన అండర్‌లే వేసి కొత్త పలకలు పరుచుకోవచ్చు. లేచిపోయినవాటిని తీయక తప్పకపోతే ఒక ముక్కను ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చాకే చేయి వేయాలి.